ముల్లు దగ్గర చెవి

ఆమదాలవలస స్టేషన్లో కూర్చున్నాను. విజయనగరం వెళ్లే రైలు ఎంతకీ రాలేదు. రికార్డు ప్లేయరుకు బిగించే రెండు ఖరీదైన కార్ట్రిడ్జిల్లో ఏది మేలో ఫోన్లో పోల్చి చూస్తున్నాను. నెల రోజులుగా నాకదే పిచ్చి. పక్కనున్న పెద్దాయన తొంగి చూశాడు.

"ఏటి బాబూ అది? రికార్డు ముల్లేనా?"

అవునన్నాను. ఒకప్పుడు ఆయన భావనపాడు వైపు పెళ్లిళ్లకు మైకు సెట్టు కట్టేవాడట.

"ఎవుల పాట కోసం?"

"పోయిన మా నాన్న వయొలిన్ వాయించిన రికార్డు ఒకటుంది. అది బాగా వినాలని."

"అయితే స్పీకరు ఆపీసి, రికార్డు తిరుగుతుండగా ముల్లు దగ్గర సెవి పెట్టండి. పెళ్లోరు లేవకముందు మేం అలాగే సూసుకునేవోళ్లం. ముల్లు మంచిదో కాదో అక్కడే తెలిసిపోతాది."

ఇంటికొచ్చి పాత ముల్లుతోనే అలా విన్నాను. వయొలిన్ సన్నగా, ఎక్కడో ఉన్నట్టు వినిపించింది. చిన్నప్పుడు నాన్న తలుపేసుకుని సాధన చేస్తుంటే గడప బయట కూర్చుని వినేవాణ్ణి. అచ్చం అలాగే ఉంది.

కొత్త కార్ట్రిడ్జి కొనలేదు. మిగతా రికార్డులకు స్పీకరు వేస్తాను. నాన్నది పెట్టినప్పుడు మాత్రం వెయ్యను.