అవ్వల్ జట్టులో నా ఒక్క ఆట

మా అపార్ట్‌మెంటు వెనక ఖాళీ జాగాలో సాయంత్రాలు ఆఫీసు పిల్లలు వాలీబాల్ ఆడుతుంటారు. బంతి మీద అరచెయ్యి పడే చప్పుడు నాలుగో అంతస్తు దాకా వస్తుంది. మా ఆవిడ తలుపు వేసేస్తుంది. నేను తీస్తాను. ఆ చప్పుడు వింటే హఫీజ్‌పేట్ స్టేషన్ పక్క ఎర్రమట్టి, బొగ్గు పొగ వాసన, విఠల్‌రావు గారి ఈల గుర్తొస్తాయి. ఇప్పుడు అద్దాల భవనాలున్న ఈ చుట్టుపక్కలంతా అప్పుడు జొన్నచేలు, సీతాఫలం పొదలు, పెద్ద పెద్ద బండలు. మనుషులకన్నా బండలే ఎక్కువ. అవి కాస్త శాంతంగా కూడా ఉండేవి.

విఠల్‌రావు గారు అక్కడ స్టేషన్ మాస్టరు. తాండూరు వైపు మనిషి. అందరూ మాస్టర్ సాబ్ అనేవాళ్ళు. పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడు, జనం పొద్దుగూకాక కూడా ఇంటి బయట నిలబడడం మళ్ళీ నేర్చుకుంటున్న రోజుల్లో, ఆయన మా కుర్రాళ్ళను పోగేసి వాలీబాల్ క్లబ్బు పెట్టారు. అందులో రెండు జట్లు. బాగా ఆడేవాళ్ళది అవ్వల్, మిగతావాళ్ళది దోయం. రెండోరకం అన్న మాటే ఉర్దూలో అంటే అంత అవమానంగా ఉండేది కాదు. పట్నంలో కాలేజీ చదివి వచ్చిన నేను దోయంలో ఆడేవాణ్ణి. చదువుకీ బంతికీ సంబంధం లేదని నా ద్వారా రుజువైంది. మాస్టర్ సాబ్ నన్నెప్పుడూ పేరుతో పిలవలేదు. "ఏం కాలేజీ" అనేవారు.

ఆటలో అంపైరూ ఆయనే, బండికి జెండా ఊపేదీ ఆయనే. అందువల్ల మా మైదానానికి ఒక ఆచారం ఏర్పడింది. బండి దగ్గరికొస్తే ఆయన పొడుగ్గా ఈల వేసేవారు. ఎవరు ఎక్కడున్నారో అక్కడే నిలబడిపోవాలి. ఆయన వెళ్ళి, జెండా ఊపి, బండిని సాగనంపి, తిరిగొచ్చి మళ్ళీ ఈల వేసేదాకా కదలకూడదు. మమ్మల్ని కనిపెట్టి ఉండేవాళ్ళెవరూ లేరు. అయినా ఎవరూ కదిలేవాళ్ళు కాదు, వేరే ఊళ్ళనుంచి వచ్చిన జట్లు కూడా. చేతులు పైకెత్తి బొమ్మల్లా నిలబడ్డ మమ్మల్ని చూసి రైల్లోవాళ్ళు ఏమనుకునేవారో తెలియదు.

ఆ ఏడు చుట్టుపక్కల క్లబ్బులన్నీ రెండేసి జట్లతో పోటీలకు దిగాయి. మొదటి ఆటలోనే ఒక ఊరి దోయం జట్టు మమ్మల్ని చితక్కొట్టింది. ఆ ఊరి పేరు చెప్పను, వాళ్ళ మనవలు మా పై అంతస్తులోనే ఉంటారు. తర్వాత తెలిసింది, ఆ రోజు వాళ్ళ అవ్వల్ జట్టుకు ఆట లేదట. అందులోంచి నలుగురిని దోయంలోకి దించారు. చోటు పోయిన నలుగురు దోయంవాళ్ళు గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టారు, అంత ఉత్సాహం లేకుండానే.

దాంతో క్లబ్బులవాళ్ళందరం స్టేషన్ ప్లాట్‌ఫారం మీద సమావేశమయ్యాం. అవ్వల్‌లో ఆడినవాడు ఆ ఏడు దోయంలో ఆడకూడదని అందరూ ఒప్పుకున్నారు. ఎన్ని ఆటలు ఆడితే అన్నదే తేలలేదు.

"ఒక్క ఆట ఆడినా సరే, ఇగ కిందికి రావద్దు," అన్నాను.

"ఒక్కటేనా? జర సోంచాయించు, కాలేజీ," అన్నారు మాస్టర్ సాబ్. "ఎవడన్న అక్కరకొచ్చి జరసేపు నిలబడితే?"

"సందిస్తే దూరుతరు సార్."

చిత్తుగా ఓడినవాడి మాటకు ఆ రోజు విలువ ఎక్కువ. అందరూ తలలూపారు. "గట్లనే కానియ్యున్రి," అన్నారాయన.

చలికాలంలో ఒక ఆదివారం మా అవ్వల్ జట్టు ఆడుతోంది. అందులో రాములు అనే అతను రైల్వేలో పాయింట్స్‌మన్. గూడ్సు వస్తోందని కబురందితే పట్టాలు మార్చడానికి ఆట మధ్యలోంచి పరుగెత్తాలి. పరుగెత్తుతూ, గట్టు మీదున్న నన్ను చూసి "జర నిలబడవయ్యా," అన్నాడు. దిగాను. అవతలివాళ్ళు ఒక బంతి కొట్టారు. అది నా తల మీదుగా బయటికి పోయింది. తెలివిగా వదిలేశానని తర్వాత చెప్పుకున్నాను. అంతలో పొడుగు ఈల. ఆ గూడ్సు కూడా చాలా పొడుగుది. అది దాటాక రాములు వచ్చి తన చోట నిలబడ్డాడు, నేను గట్టెక్కాను. అవ్వల్ జట్టులో నా జీవితం చాలావరకు బొగ్గు పెట్టెలు చూడడంలో గడిచింది. అయినా "అవ్వల్‌కు ఆడిన" అని ఊళ్ళో చాలామందికి చెప్పాను. అడగనివాళ్ళకు కూడా.

మొదటి ఆట ఓడినా మిగతావి గెలిచి, దోయం పోటీలో మేం ఫైనల్‌కు వచ్చాం, ఖాజాగూడ జట్టు మీద. మరుసటి వారం నేను వరంగల్లులో ఉద్యోగంలో చేరాలి. నాకు అదే చివరి ఆట. మా నాయన కూడా చూడ్డానికి వచ్చాడు. ఏ తప్పూ చెయ్యని బంతిని అంతమంది కలిసి కొట్టడం అప్పటిదాకా ఆయనకు నచ్చలేదు.

ఆట మొదలయ్యే ముందు మాస్టర్ సాబ్ నన్ను పిలిచారు. "నువ్వు ఆడొద్దు, కాలేజీ. అవ్వల్‌ల దిగినవు గద."

"బంతి ముట్టనే లేదు సార్. గూడ్సు చూసిన, అంతే."

"ముట్టలేదు, నిజమే. దిగినవా లేదా?"

ఖాజాగూడ కెప్టెన్ కల్పించుకున్నాడు. "ఆడనియ్యున్రి సాబ్. ఆయన ఉన్నా మాకేం ఫరక్ పడది." అతను సాయం చేస్తున్నాడో తిడుతున్నాడో తేల్చుకునే సమయం లేదు.

మాస్టర్ సాబ్ ఒప్పుకోలేదు. "ఇయ్యాల మీరు సరే అంటరు. రేపు ఇంకో ఊరోడు అనడు. మంచోని తాన ఒక రూలు, మొండోని తాన ఒక రూలు అయితది. రూలు సక్కగ లేదు, నాకెరుకే. మారుద్దం. కని ఆట అయినంక, ఆట ముంగట కాదు."

నా చోట బాలయ్య దిగాడు. ఇంటింటికీ పాలు పోసే మనిషి, మా అందరికన్నా పెద్దవాడు. ఆ ఏడంతా గట్టు మీద కూర్చుని ఎవరికో ఒకరికి కాలు బెణుకుతుందేమోనని మర్యాదగా ఎదురుచూసినవాడు. నేను వెళ్ళి అతని చోట కూర్చున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది. మేం గెలిచాం. నేను లేకుండా గెలవడం మీద నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. మా నాయన మాత్రం ఇంటికి పోతూ, "మంచిగ కూసున్నవ్ రా," అన్నాడు.

జనం వెళ్ళాక మాస్టర్ సాబ్ నా చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చారు. "రూలు ఎట్లుండాల్నో ఇప్పుడు రాయి. వచ్చేవారం నువ్వు పోతున్నవ్. దీంతోని నీకు లాభం లేదు, నష్టం లేదు. గిప్పుడైతే సక్కగ రాస్తవ్."

రాశాను. వేరేవాళ్ళ బదులు కాసేపు నిలబడితే అది ఆట కింద లెక్క కాదని, అవ్వల్ ఆటల్లో సగానికి మించి ఆడినవాడే దోయంకు రాకూడదని. ఆయన చదివి, "మంచిగుంది. బాలయ్యకు వినిపించు," అన్నారు.

"బాలయ్యకెందుకు సార్?"

"ఈ రూలే ముందుగాల ఉంటే ఇయ్యాల ఆయన గట్టు దిగకపోతుండె గద. ఎవని చోటు పోతదో వానికి ముందు చెప్పాలె."

బాలయ్య కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. చదివి వినిపించాను. "నాయమే తమ్మీ," అన్నాడు. రెండో కాలు కూడా కడుక్కుని, "కని గిట్లైతే గట్టు మీదున్నోళ్ళం గట్టు మీదనే ముసలోళ్ళమైతం. ఏడాదికి ఒక్క ఆటన్న మాకియ్యాలె అని గూడ రాయరాదు?" అన్నాడు.

నేను మాస్టర్ సాబ్ వైపు చూశాను. ఆయన ఏ బండీ రాని పట్టాల వైపు తిరిగి నిలబడి ఉన్నారు. ఆ మాటా రాశాను. క్లబ్బులన్నీ ఒప్పుకున్నాయని వరంగల్లులో ఉండగా విన్నాను. కొన్నాళ్ళకు ఆయనకు బదిలీ అయింది. మళ్ళీ కలవలేదు.

ఉద్యోగం నన్ను ఊళ్ళు తిప్పి చివరికి జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీకి చేర్చింది. షిఫ్టులు, సెలవుల నిబంధనలు రాయడం నా పని. ప్రతి నిబంధనకూ పోగొట్టుకునేవాడు ఒకడుంటాడు. రాయడంకన్నా అతన్ని వెతకడానికే ఎక్కువసేపు పట్టేది. నేను నిదానంగా పనిచేస్తానని పై అధికారులు అనుకునేవారు. నేనూ కాదనలేదు.

పోయిన నెల మా అపార్ట్‌మెంటు సంఘంవాళ్ళు కార్ల పార్కింగుకు నిబంధన రాసివ్వమన్నారు. రాశాక, కింద అంతస్తులో కిరాయికి ఉండి, స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్ళే అమ్మాయికి తీసుకెళ్ళి చూపించాను. ఆమె రెండుసార్లు చదివింది. "బాగానే ఉందండి అంకుల్. కిరాయివాళ్ళ బండ్లకు కూడా పైకప్పు కింద కాస్త చోటు ఉంచమని రాయండి," అంది. రాశాను. ఆ చోటు ఎవరి కారుదాంట్లోంచి తియ్యాలని చీటీలు వేస్తే నా పేరే వచ్చింది. వానాకాలం కదా, ఆరుబయట కారు శుభ్రంగానే ఉంటోంది.