తలుపు మీది పావురం

నా చిన్నప్పుడు మా ఇంటి వెనక రేకుల కొట్టంలో ఒక పాత పికప్ బండి ఉండేది. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చునే సీటు, వెనక సామాను వేసుకునే తొట్టి, లేత నీలం రంగు. లక్సెట్టిపేటలో దాన్ని అందరూ పావురం బండి అనేవాళ్లు. రెండు తలుపుల మీదా ముక్కున ఆకుల రెమ్మ పట్టుకుని ఎగిరే తెల్ల పావురం బొమ్మ ఉండేది మరి. మిషన్ దవాఖానలో పనిచేసిన దొరసాని డాక్టరమ్మ ఆ బొమ్మలను తన దేశం నుంచి కాగితాల మీద తెప్పించి, నీళ్లలో నానబెట్టి, తన చేత్తోనే తలుపులకు అంటించిందట. ఆమె ఊరు విడిచి వెళ్లేటప్పుడు బండిని దాని డ్రైవరుకే ఇచ్చేసి పోయింది. ఆ డ్రైవరు మా బాపు.

బాపు ఆ బండిలో మిరపకాయ బస్తాలు మోశాడు, నొప్పులు పడే ఆడవాళ్లను దవాఖానకు చేర్చాడు, ఆదివారం చుట్టుపక్కల పల్లెల వాళ్లను చర్చికి తెచ్చాడు. ఎంత పనున్నా పొద్దున్నే బండి కడగాల్సిందే. కడగడం పావురాలతో మొదలయ్యేది. ఎడమ తలుపు మీది పావురం ఆయనది, కుడి తలుపు మీది పావురం నాది. తడిగుడ్డతో ఎలా తుడవాలో కూడా ఒక పద్ధతి ఉండేది. ముక్కు నుంచి తోక వైపే తుడవాలి, ఎదురు తుడిస్తే అంచు లేస్తుందని చెప్పేవాడు. తర్వాత ఎప్పుడో ఒక ఎడ్లబండి రాసుకుపోయి ఎడమ తలుపు చెడితే, మంచిర్యాలలో దానికి కొత్తగా రంగు కొట్టించారు, ఆ పావురం పోయింది. నాది మిగిలింది. నేను దాని గురించి తోటిపిల్లల దగ్గర కొంచెం గొప్పలు కూడా పోయాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు బాపుకు కామెర్లు వచ్చాయి. మూడు వారాలు కూడా గడవలేదు. మా తాతయ్య, అంటే బాపు వాళ్ల నాన్న, దవాఖానలో వడ్రంగి. మంచాలు, బల్లలు, అవసరమైనప్పుడు శవపేటికలు ఆయనే చేసేవాడు. కొడుకు పేటిక కూడా ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే చేశాడు. దాన్ని పావురం బండిలోనే సమాధుల తోటకు తీసుకుపోయారు. ఆ రోజు వాన ఆగకుండా పడింది.

అందరూ గుంత చుట్టూ నిలబడి పాట పాడుతుంటే నేను బండి కుడి తలుపు దగ్గర నిలబడ్డాను. వెనక ఇద్దరు ఆడవాళ్లు, ఇక ఈ బండి ఎవరి చేతిలోకి పోతుందో పాపం అనుకుంటున్నారు. వానకు నానిన పావురం ముక్కు దగ్గర అంచు లేచింది. బండి పోతే పావురమూ పోతుందని నా భయం. గోటితో పట్టి లాగాను. తల మాత్రమే సాఫీగా ఊడి వచ్చింది. ఒక కన్ను, ముక్కు, ముక్కున రెమ్మ. మిగతాది ముక్కలు ముక్కలై వేళ్లకు అంటుకుంటే గడ్డికి రాసేశాను. తలను ఇంటికి తెచ్చి నా బైబిల్లో పెట్టాను. అది ఆ పేజీకే అతుక్కుపోయింది.

రెండేళ్లు బండి కొట్టంలోనే ఉంది. మా అవ్వ, మా వైపు అమ్మను అవ్వ అంటాం, ఆ కొట్టం దిక్కు వెళ్లేదే కాదు. అప్పుడు తాతయ్యకు చూపు తగ్గడం మొదలైంది. దవాఖానలో పరీక్ష చేసి నీటికాసులు అన్నారు. చుక్కల మందు వేసుకుంటే కొంత ఆలస్యమవుతుందేమో గానీ, పోయిన చూపు తిరిగి రాదని చెప్పారు. తాతయ్య ఇంటికి వచ్చి, అన్నం తిని, చేతులు కడుక్కుని, అవ్వతో ఒక్క మాట అన్నాడు.

"కండ్లు ఉండంగనే వాని బండి ఎట్లుండెనో అట్ల ఒక్కసారి చూడాలె బిడ్డా."

ఆయన పని మొదలుపెడితే సగంలో వదిలే మనిషి కాదు. తుప్పు గీకాడు, తొట్టి అడుగున చెక్కలు మార్చాడు, మంచిర్యాల మెకానిక్‌ను పిలిపించి ఇంజను బాగు చేయించాడు. రంగు ఎండకు వెలిసిపోయింది కదా, అసలు రంగు ఏదో ఎవరికి తెలుసు? సీటు ఊడదీసి, దాని కింద ఎండ సోకని జాగాలో మిగిలిన నీలాన్ని చూపించి, అదే కలపమన్నాడు. పెయింటరు మూడుసార్లు కలిపి విసుక్కున్నాడు. నాలుగోసారి కుదిరింది.

ఇక మిగిలింది పావురం. కొత్త రంగు వేసేముందు కుడి తలుపును సబ్బుతో కడిగితే, బొమ్మ ఊడిన చోట రంగు వెలియకుండా ముదురుగా ఉండి, రెక్కలు, తోక, తల అన్నీ నీడలా కనబడ్డాయి. తాతయ్య సంబరపడి, పతంగి కాగితం పరిచి పెన్సిలుతో చుట్టూ గీసుకున్నాడు. బయటి గీత దొరికింది. లోపల కన్ను ఎలా ఉందో, రెమ్మకు ఆకులెన్నో ఎవరూ చెప్పలేకపోయారు. ఊళ్లో సగం మంది ఆ బండి ఎక్కినవాళ్లే. ఒకరు కన్ను మూసి ఉందన్నారు, ఒకరు తెరిచి ఉందన్నారు, పాస్టరుగారైతే అసలు అది పావురం కాదేమో అని అనుమానపడ్డారు. చివరికి తాతయ్య నన్నడిగాడు, రోజూ తుడిచింది నువ్వే కదా అని. యాదికి వస్తలేదని చెప్పాను. వానకు ఊడి ఎటో కొట్టుకుపోయి ఉంటుందిలే అని ఆయనే నాకు ధైర్యం చెప్పాడు.

చర్చి ముందు తీసిన ఫోటో ఒకటి ఉంటే కరీంనగర్ తీసుకుపోయి స్టూడియోలో పెద్దది చేయించాడు. పావురం మబ్బు తునకలా వచ్చింది. లారీలకు రంగులేసేవాళ్ల దగ్గరకు పోతే, పావురమెందుకు గద్దను వేస్తాం, దమ్ముగా ఉంటుందన్నారు. సైకిళ్ల దుకాణంలో అంటించే బొమ్మల్లో హంస దొరికింది. ఉరికే బండి మీద ఇది హంసో పావురమో ఎవరు పట్టుకుంటారని దుకాణదారు అన్నాడట. నేను పట్టుకుంటా అని తాతయ్య తిరిగి వచ్చేశాడు. ఆయన అలా ఊరూరూ తిరుగుతుంటే, ఆ పావురం తల మా గూట్లో, నా పుస్తకాల మధ్య ఉంది. నేను రోజూ తీసి చూసుకుంటూనే ఉన్నాను.

ఎండాకాలం సెలవుల్లో నిర్మల్ బయల్దేరాడు. కొయ్యబొమ్మలకు రంగులు వేసే నకాషీ పనివాడు ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. బస్సు బోర్డులు చదవడం కష్టమవుతోందని నన్ను వెంట తీసుకుపోయాడు. రాత్రికి చుట్టాలింట్లో ఆగాలి కాబట్టి అవ్వ నా సంచిలో బట్టలతో పాటు బైబిలు కూడా పెట్టింది.

ఆ నకాషీ ఆయన పతంగి కాగితాన్ని చూసి, తాతయ్య చెప్పిందంతా విని, మర్నాటికి ఒక పలక మీద పావురాన్ని వేసి ఇచ్చాడు. అంత అందమైన పక్షిని నేను అంతవరకు చూడలేదు. పొడవాటి కన్ను, రెక్కలకు బంగారు అంచు. తాతయ్య దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని, తల పక్కకు తిప్పి, కంటి కొసతో చాలాసేపు చూశాడు.

"మస్తు మంచిగున్నది తమ్మీ. గాని గిది నీ పావురం. మావోని బండి మీదిది గాదు."

నకాషీ ఆయనకు కోపం రాలేదు. పలక తీసుకుని గోడకు ఆనించి, తాతయ్యను అడిగాడు.

"గోరంత ముక్కన్న దొరుకుతదా తాతా? ఒక్క కన్ను సూత్తె సాలు, మిగతది నేను పట్టుకుంట."

వాన తీసుకుపోయిందని తాతయ్య నవ్వాడు. సంచి నా ఒళ్లో ఉంది. నేను దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. కొడతారని భయమా అంటే, మా ఇంట్లో నన్నెవరూ ఎప్పుడూ కొట్టలేదు. ఆ ముక్క ఇచ్చేస్తే బాపు నిజంగా పోయినట్టే అనిపించింది. అంతకంటే, రెండేళ్లు దాచినదాన్ని ఇప్పుడు తీస్తే తాతయ్య ముఖం ఎలా అవుతుందో చూడాలంటే నా వల్ల కాలేదు. పిరికితనానికి ఎన్ని పేర్లయినా పెట్టుకోవచ్చు.

తిరుగు బస్సు ఖానాపూర్ దాటింది. మధ్యాహ్నం, కిటికీ కమ్మీ ముట్టుకుంటే చురుక్కుమంటోంది. తాతయ్య బయటకు చూస్తూ, మబ్బు పట్టిందా బిడ్డా అని అడిగాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. పట్టింది తాతా అన్నాను.

అప్పటికైనా చెప్పి ఉండాల్సింది. ఇంటికి వచ్చాక ఇవాళ, రేపు అనుకుంటూ ఇంకో నెల గడిపాను. ఒక పొద్దున తాతయ్య చాయ్ గ్లాసు కోసం చెయ్యి చాపి, గ్లాసుకు జానెడు దూరంలో గాలిలో తడుముకున్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను గూట్లోంచి బైబిలు తీసి, ఆ పేజీ తెరిచి, ఆయన ఒళ్లో పెట్టి, ఆయన వేలు పట్టుకుని పావురం తల మీద ఉంచాను. ఏం పెట్టానో, ఎన్నాళ్లుగా దాచానో ఏడుస్తూ చెప్పాను.

ఆయన వేలు ఆ ముక్క మీద మెల్లగా తిరిగింది. ముక్కు నుంచి వెనక్కే తిరిగింది.

"కన్ను తెరిచున్నదా, మూసున్నదా?"

తెరిచే ఉంది తాతా అన్నాను.

"ఆకులెన్ని?"

మూడు అన్నాను.

"నేను రెండనుకుంటున్న ఇన్నొద్దులు."

అంతే. ఎందుకు దాచావని ఆ రోజే కాదు, బతికినన్నాళ్లూ అడగలేదు. నేను ఇంకా వెక్కుతుంటే దగ్గరకు లాక్కుని, నీ బాపుది నువ్వు దాసుకున్నవు, నేనైతే బండి మొత్తం దాసుకుంటలేనా అన్నాడు. ఆయన రెండు చెంపదెబ్బలు కొట్టి ఉంటే ఆ దుఃఖం ఆ రోజుతో తీరిపోయేది. కొట్టలేదు కాబట్టి ఇంకా తీరలేదు.

కబురు పెడితే నిర్మల్ నుంచి నకాషీ ఆయనే వచ్చాడు. బైబిలును ఎదురుగా తెరిచి పెట్టుకుని, రెండు తలుపుల మీదా రెండు రోజులు పనిచేశాడు. తాతయ్య పీట వేసుకుని పక్కనే కూర్చున్నాడు. అప్పటికి ఆయనకు వెలుగు, నీడ తప్ప ఏమీ తెలియడం లేదు. బొమ్మలు అయ్యాయనగానే నన్ను పిలిచాడు.

"నువ్వు తుడిచిన పావురమేనా చూడు. నన్ను కుష్ చేసేటందుకు చెప్పకు. ఉన్నదున్నట్టు చెప్పు."

చూశాను. ఆకులు కొంచెం ముదురుగా ఉన్నాయని చెప్పాను. నకాషీ ఆయన దిద్దాడు. తోక కొస ఇంత సూదిగా ఉండేది కాదన్నాను, మళ్లీ దిద్దాడు. అంత పెద్ద పనివాడు పదకొండేళ్ల పిల్ల మాటకు కుంచె కడుక్కుంటూ ఓపిగ్గా నిలబడ్డాడు. ఇప్పుడు అదే తాతా అని చెప్పాక తాతయ్య లేచి, తలుపు తడుముకుంటూ వచ్చి, కుడి పావురం రెక్క మీద వేలు పెట్టాడు. రంగు ఇంకా ఆరలేదు. రెక్క మీద ఒక గీత పడింది. నకాషీ ఆయన కుంచె తీసుకుని ముందుకు వస్తే, ఇన్నాళ్లూ ఆ బండి గురించి ఒక్క మాట మాట్లాడని అవ్వ అడ్డం వచ్చింది.

"ఉండనియ్యి అన్నా."

తాతయ్య బైబిలును మూసి నా చేతిలో పెట్టి, తలుపుకు దాని పావురం దొరికింది, ఇది నీదే అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. పొద్దున్నే వెళ్లి బండి ముందు సీట్లో కూర్చునేవాడు. నేను తలుపు తుడుస్తుంటే, ఎట్లున్నది అని అడిగేవాడు. రెక్క మీద గీతతో సహా ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. ఆయన దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

బండి చివరికి పాత ఇనుములోకి పోయింది. పావురం తల నా దగ్గరే ఉంది, కన్ను తెరిచే ఉంది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు ఏం వెతుకుతున్నా, తాళంచెవి గానీ కళ్లద్దాలు గానీ, నేను వెళ్లి ముందు నా సంచి బోర్లించి దులుపుతాను. నీ సంచిలోకి ఎందుకు వస్తుంది నానమ్మా అని మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. అడుగు వరకూ దులిపి చూశాకే వాళ్లతో కలిసి వెతుకుతాను.