రంగునీళ్లలో నాయిన చెయ్యి

పక్షవాతం వచ్చిన ఏడు నెలలకు నాయిన మళ్లీ రంగు బాన దగ్గర నిలబడ్డాడు. గద్వాలలో చీరలు నేసేవాళ్లకు నూలు రంగు వేసివ్వడం మా ఇంటి పని. నీళ్ల వేడిని ఆయన ఎన్నడూ కొలవలేదు. కుడిచేతి వేళ్లు చటుక్కున ముంచి తీసి చెప్పేవాడు. పక్షవాతంతో మొద్దుబారిన ఆ చేతికి స్పర్శ తిరిగి రాకపోతే పని మానాల్సిందేనని అమ్మ పట్టుబట్టింది. మాన్పిస్తే మనిషి దక్కడని నా భయం.

"మంచిగనే తెలుస్తున్నది బిడ్డా," అన్నాడు. నమ్మాను. వనపర్తిలో పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పే చదువుకున్న మొద్దును, ఒక్కసారి సూదిమొన తాకించి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు.

ఆ ఆదివారం అమ్మ కూరగాయలకు పోయింది. నాయిన బానలో నూలు దించి, పిడికెడు పిడికెడు ఉప్పు వేస్తూ అడిగాడు.

"ఉప్పేస్తే రంగు నూలుకు మంచిగ పడ్తది. గదెందుకో ఇప్పటికీ నాకు తెల్వదు. నువ్వన్న చెప్పు."

నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయని, ఆ పట్టునే హైడ్రోజన్ బంధం అంటారని చెప్పాను. వేడెక్కే కొద్దీ అణువుల కదలిక పెరిగి ఆ పట్టు సడలుతుంది. ఉప్పు కరిగితే కొన్ని అణువులు తోటివాటిని వదిలి ఉప్పు చుట్టూ చేరతాయి. అప్పుడు రంగు ఇక నీళ్లలో నిలవలేక నూలు వైపు పోతుంది.

"అంటే వేడికి ఇడిసిపెడ్తయ్, ఉప్పుకు అటు మళ్లుతయ్. గింతేనా? దీనికి గిన్నేండ్లు సదివినవా?" అని నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను. పొయ్యి సంగతి మరిచిపోయాను.

ఆయన చెయ్యి ముంచాడు. తీయలేదు. మణికట్టు దాకా అలాగే ఉంచి, కాసేపు తల వంచి, "ఇంక కాగలే. మంట జర పెంచు," అన్నాడు.

బాన అంచున బుడగలు లేస్తున్నాయి. మోచెయ్యి పట్టి వెనక్కి లాగాను. అంటిన రంగు కిందే చర్మం ఉబ్బుతోంది. చన్నీళ్లు పోస్తూ, "మండుతుందా నాయినా?" అని మళ్లీ మళ్లీ అడిగాను. అవునంటే చాలనుకున్నాను.

ఆయన వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మీ అమ్మ అడిగితే, మండుతున్నదని చెప్పు బిడ్డా."