బిళ్ల లేని క్యూ కట్టె

మా నాయిన సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో బిలియర్డ్స్ గది చూసుకునేవాడు. బల్లల మీది ఆకుపచ్చ గుడ్డ దులపడం, ఆడేవాళ్ల పాయింట్లు బోర్డు మీద మార్చడం, బంతులు కొట్టే క్యూ కట్టెలు తుడిచి అందించడం ఆయన పని. నా చిన్నప్పుడు ఒక వానాకాలం సాయంత్రం దుప్పటిలో చుట్టిన పొడుగాటి క్యూ కట్టెతో మా ఊరు గౌడవెల్లిలో బస్సు దిగాడు. ఎక్కడిదని అమ్మ అడిగితే "నాదే" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. ఇంటికి ఎవరైనా వస్తే అమ్మ దాన్ని బియ్యం బస్తాల వెనక్కి తోసేది. అది క్లబ్బు నుంచి ఎత్తుకొచ్చిన సొత్తని నాకెవరూ చెప్పలేదు. అమ్మ తోసే తీరు చూసి నేనే అనుకున్నాను. ఆ అనుమానం నాతోపాటే పెరిగి పెద్దదయింది. అమ్మ పోయాక కూడా పోలేదు.

2012లో మేడ్చల్‌లో బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట ఆడుకునే పార్లర్ ఒకటి తెరిచారు. దాని యజమాని గోదావరి వైపు నుంచి వచ్చి బహదూర్‌పల్లి కాలనీలో ఇల్లు కట్టుకున్న మనిషి. పాత క్యూలంటే ఆయనకు పిచ్చి. నేను మందుల కంపెనీలో షిఫ్టు దిగాక అప్పుడప్పుడు అక్కడికి వెళ్లేవాడిని. ఒకరోజు మాటల్లో మా ఇంట్లో పాతదొకటి ఉందని నోరు జారాను.

"తీసుకురండి. ఎవరు చేశారో ఇట్టే చెప్పేస్తాను" అన్నాడాయన.

నాయిన పొలానికి వెళ్లిన సమయం చూసి తీసుకెళ్లాను. ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

ఆయన దాన్ని ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూశాడు. ముందు సగం తెల్లటి కర్ర. వెనక సగం నల్లటి చేవ, అందులో ఒక పక్కన పసుపు చార. రెండూ కలిసేచోట నలుపు కోసుగా తెలుపులోకి దూరి, అతుకు చేతికి తగలనంత నున్నగా ఉంది.

"చేత్తో చేసిన పనండీ ఇది. ముందు భాగం ఇంగ్లండు కర్రే, అనుమానం లేదు." వెనక చివర చదునుగా చెక్కిన చోట వేలు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ తయారుచేసినవాళ్ల పేరున్న బిళ్ల ఉండాలి. ఎవరో పీకేసినట్టున్నారు. ఏదైనా క్లబ్బుదా అండీ?"

నేను అవుననలేదు, కాదనలేదు. నవ్వాను. పక్క బల్ల దగ్గర మా ఊరివాళ్లిద్దరు ఆట ఆపి వింటున్నారు. అది చూసి కూడా ఊరుకున్నాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర అడిగాను. "నాయినా, గా కట్టెకు బిళ్ల ఎవరు పీకిన్రు?"

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "పీకిన్రని ఎవలు జెప్పిన్రు?"

"పార్లరాయన. మేడ్చల్ల సూపిచ్చిన."

"ఇన్నేండ్లసంది ఇంట్లనే ఉన్న గదరా నేను. ముందుగాల ఆయన్నడిగి ఇగ నన్నడుగుతున్నవా?"

పళ్లెంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. కలిపిన అన్నం అలాగే ఉంది. నా భార్య నా వైపు చూసింది. నేను తల వంచుకుని తిన్నాను.

తెల్లారేసరికి ఉతికిన అంగీ తొడుక్కుని, క్యూను పాత దుప్పటిలో చుట్టి గడప ముందు నిలబడి ఉన్నాడు. "బండి తియ్యి. శామీర్‌పేటకు పోదాం" అన్నాడు.

శామీర్‌పేటలో ఒక సన్నటి గల్లీలో ఆపమన్నాడు. అది ఒకప్పుడు క్లబ్బు కుర్చీలూ బల్లలూ బాగుచేసిన వడ్రంగి ఇల్లు. ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. నేను షిఫ్టుకని వేసుకున్న కంపెనీ యూనిఫాంలోనే బండి దగ్గర నిలబడ్డాను. నేనెవరో నాయిన చెప్పలేదు. రాత్రి కోపం ఇంకా తగ్గలేదు.

దుప్పటి విప్పి, "భాయ్, గిది నువ్వు జేసిందే గదా, జెర జెప్పు" అన్నాడు నాయిన.

ముసలాయన కట్టె వైపు చూశాడు, నా వైపు చూశాడు, నా బూట్లు చూశాడు. "నాకు యాదికి లేదు భాయ్. కుర్చీలు జేసిన, బల్లలు జేసిన. గిసొంటిది నేను జెయ్యలే."

నాయిన ముఖం వాడిపోయింది. ఆ క్షణంలో నా మనసులో 'అయితే నిజమేనన్నమాట' అన్న మాట మెదిలింది. అదే సమయానికి నాయిన తలెత్తి నన్ను చూశాడు. నా ముఖం మీద అది కనపడే ఉంటుంది. ఆయన వెంటనే చూపు తిప్పుకున్నాడు.

వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య కేకేసింది. "ఏందయ్యా, యాదికి లేదంటవ్? క్లబ్బోళ్లొచ్చిన్రని పరేషాన్ అయితున్నవా?" లోపలికి వెళ్లి, పిండి అంటుకున్న, రొట్టెలు ఒత్తే బేలన్ కర్ర పట్టుకొచ్చింది. "గా కట్టె జేసినంక మిగిలిన తుండుతోని నాకు గీ బేలన్ జేసిచ్చిండు. గప్పటిసంది దీనితోనే రొట్టెలు జేస్తున్న."

కొంగుతో పిండి తుడిచి, దాన్ని క్యూ వెనక చివరకు ఆనించింది. నల్లటి చేవలో పసుపు చార అటునుంచి ఇటు తెగకుండా సాగింది.

అప్పుడు నాయిన నా వైపు చెయ్యి చూపించి, "నా కొడుకు" అన్నాడు.

"నీ కొడుకా! ముందే జెప్పొద్దా భాయ్? క్లబ్బు ఆఫీసోడు అచ్చిండనుకుంటి." ముసలాయన నవ్వి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మెంబరు ఎవరో కోపంల క్యూ ఇరగ్గొట్టి చెత్తల పారేసిండు. మీ నాయిన ముందటి ముక్క ఏరుకొచ్చి, భాయ్, నాకు నాదని ఒక్కటి గావాలె అన్నడు. ఎనుక నా దగ్గరున్న నల్లటి శీశం కర్ర ఏసి అతికిన. అందరికంటె మంచిగ ఆడేటోడు గని, తన కట్టె ఉండొద్దాయె. ఆట గది జూస్కునేటోనికి సొంత కట్టె కూడదని రూలు."

"మరి బిళ్ల, చాచా?"

"ఇత్తడి బిళ్ల మీద ఆయన పేరే కొట్టిస్తనన్న. జాగ గూడ సదును జేసిన. వద్దన్నడు. పేరుంటే బయటపడ్తది, లేకుంటే అన్ని కట్టెల్ల కలిసిపోతది అన్నడు."

చాచీ టీ ఇచ్చింది. వాళ్ల మాటలు తర్వాత మోకాళ్ల నొప్పుల మీదికీ, చనిపోయినవాళ్ల మీదికీ మళ్లాయి. నేను ఆ చదును చోటును బొటనవేలితో తడుముతూ కూర్చున్నాను.

తిరిగి వస్తూ చెరువు కట్ట దగ్గర బండి ఆపాను. "నాయినా, తప్పయింది" అన్నాను.

"ఎండెక్కుతాంది. పోదాం పా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మర్నాడు పార్లర్‌కు వెళ్లి విషయం చెప్పాను. "అయ్యో, అతుకుల సరుకా అండీ" అని ఆయన ఫోనులో పడ్డాడు. ఆయనకు అది అంతటితో అయిపోయింది. ఊళ్లో మాత్రం కాలేదు. నాయిన రోజూ టీ తాగే హోటల్లో ఎవరో, "ఏందే, క్లబ్బుల విలాయతి కట్టె లేపుకొచ్చినవంట" అని నవ్వారట. నేను వెళ్లి ఒక్కొక్కరికీ చెప్పాను, శామీర్‌పేట ఆయన చేసిచ్చాడని, ముందు ముక్క చెత్తలో పారేసిందని. అందరూ విన్నారు, అట్లనా అన్నారు. మొదటి మాటను మోసినంత ఉత్సాహంగా ఈ మాటను ఎవరూ మోయలేదు.

నాయిన ఆ హోటల్ మానేశాడు. రైల్వే స్టేషన్ దగ్గరి టీ బండి దాకా నడిచి వెళ్లి తాగి వచ్చేవాడు. ఒక సాయంత్రం షిఫ్టు దిగి వస్తుంటే ఆ దారిలో కనపడ్డాడు. బండి పక్కకు తీసి ఎక్కమన్నాను.

"నువ్వు పో, బిడ్డా. నేను నడుస్త" అన్నాడు.

నేను బండి ముందుకు పోనిచ్చాను. అద్దంలో చాలాసేపు కనపడ్డాడు.