మోదుగాకు విస్తర్ల ప్లాను

ఊళ్లల్ల చిన్న చిన్న పనులు చేసుకునే ఆడోళ్లకు వ్యాపారం ప్లాను రాసుడు నేర్పుతా నేను. అదే నా ఉద్యోగం. నేనైతే ఏనాడూ ఒక్క వస్తువు అమ్మినదాన్ని కాదు. అది ఎవలన్న పసిగడ్తరేమోనన్న భయంతోనే చార్టు మీద గళ్లు గీసేదాన్ని: ఎవలు కొంటరు, సరుకు ఎట్ల చేరుతది, ఏడ దెబ్బ తినచ్చు.

ఒక ఊర్ల ఎనిమిదిమంది మోదుగాకు విస్తర్లు కుట్టి వారం సంతల అమ్ముకునేటోళ్లు. బేగంబజార్ల టోకుకు ఇయ్యాలని చార్టుల నేనే రాయించిన. నా మాట మీద వాళ్లు కూలికి పోవుడు బందువెట్టి నెలంతా కుట్టిన్రు.

వాళ్లల్ల పెద్దామె కట్టలతోని అఫ్జల్‌గంజ్‌ల బస్సు దిగింది. ఇద్దరం ఆటోల బేగంబజార్ దుకాణానికి పోయినం. సేటు ఒక కట్ట విప్పి, విస్తరిని ముక్కు దగ్గర పెట్టుకున్నడు.

"పచ్చిగున్నయి ఆపా. బూజు పడ్తది," అన్నడు నాతోని.

ఎనిమిది ఇండ్ల పొయ్యిలు కండ్ల ముందట మెదిలినయి. ఆమె మొకం చూసే ధైర్యం రాలే. ఆమెనే నిమ్మళంగ సేటును అడుగవట్టింది: ఇవి ఎవలు కొంటరు, ఎంత ఎండాలె, ఎట్ల కట్టాలె అని. ఎండవెట్టి తెస్తే చూస్త అన్నడాయన.

కట్టలను, పెద్దామెను బార్కస్‌ల మా ఇంటికే తీస్కపోయిన. డాబా మీద మూడు దినాలు విస్తర్లే. గాలికి ఎగరకుండ మా అమ్మీ ఇటుక ముక్కలు పెట్టింది. మబ్బు కమ్మినప్పుడల్లా నేను మెట్లెక్కి పైకి ఉరికేదాన్ని. రెండోనాడు పగటీలి చినుకులు పడ్డయి. దొరికిన దుప్పటల్లా కప్పినం. అన్నిటికి సరిపోలే.

తడిసిన మెట్ల మీద కూసోని, తప్పంత నాదేనని పెద్దామెతోని చెప్పిన.

"మాకు ఆశ ఉండి కుట్టినం బిడ్డా," అన్నది ఆమె. "గని నీకు తెల్వనిది తెల్వదని ముందుగాల్నే చెప్పాలె."

సేటు సగానికి కొంచెం ఎక్కువే తీసుకున్నడు. తడిసి పాడైనయి పారేసినం. ఇప్పుడు వాళ్లు ముందుగాల ఒక్క కట్ట పంపి, సేటు సరే అన్నంకనే మిగిలినయి కుడ్తున్రు. పని నడుస్తున్నది. అయినా పెద్దామె నుంచి ఫోను వచ్చిందంటే, ఎత్తేముందు నా చెయ్యి ఒక్క ఘడియ ఆగుతది.