రాజనర్సయ్య తప్పుల కార్ఖానా

సోమాజిగూడలోని ఒక ఆసుపత్రిలో రోజుకు మూడు వేల టన్నుల పేషెంట్లను పద్నాలుగు వందల డిగ్రీల వేడిలో కాల్చి, చల్లార్చి, మెత్తగా పొడిచేసి, యాభై కిలోల సంచుల్లో నింపి లారీలకు ఎత్తుతున్నారని నరేశ్ అనే ఎంబీఏ విద్యార్థి తన ప్రాజెక్టు రిపోర్టు నలభై ఒకటో పేజీలో తెలియజేశాడు. వానాకాలంలో తేమ తగిలితే పేషెంట్లు గడ్డకట్టే ప్రమాదం ఉంది కనుక వాళ్లను గోడకు తగలకుండా, చెక్క బల్లల మీద, వరసకు పదికి మించకుండా పేర్చాలని నలభై మూడో పేజీలో సూచన కూడా చేశాడు. మూడు నెలలు దాటి నిలవున్న పేషెంట్లను మళ్లీ పరీక్షించాకే మార్కెట్టుకు వదలడం ఆ సంస్థ నాణ్యతకు నిదర్శనమని చివర్లో మెచ్చుకున్నాడు.

ఈ రిపోర్టు నరేశ్ రాసింది కాదు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక గల్లీలో, లిఫ్టు ఉందని బోర్డు మాత్రమే ఉన్న ఒక కాంప్లెక్సు రెండో అంతస్తులో 'వీనస్ డీటీపీ, ప్రాజెక్ట్ వర్క్స్' నడిపే రాజనర్సయ్య తయారుచేసి ఇచ్చింది. నిజం చెప్పాలంటే రాజనర్సయ్య రాసింది కూడా కాదు.

పదిహేనేళ్ల కిందట ఎవరో ఒక పిల్లవాడు నిజంగానే నల్గొండ వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్లాడు. నలభై ఐదు రోజులు అక్కడి దుమ్ము మింగి, కూలీలనూ మేనేజర్లనూ అడిగి తెలుసుకుని, ఎనభై నాలుగు పేజీలు చేత్తో రాసుకొచ్చి ఇక్కడ టైపు చేయించుకున్నాడు. ఏ సరుకైనా తక్కువ ఖర్చులో, సరైన నాణ్యతతో, చెప్పిన టైముకు ఎలా తయారుచెయ్యాలి, పక్కవాడి పోటీని ఎలా తట్టుకోవాలి అన్నది అందులో విషయం. అమీర్‌పేటలో ఇన్నేళ్లలో ఎవరైనా నిజంగా చేసిన ప్రాజెక్టు అదొక్కటేనని రాజనర్సయ్య నమ్మకం. ఆ పిల్లవాడి పేరు గుర్తులేదు గానీ, రిపోర్టును మాత్రం భద్రంగా దాచుకున్నాడు. దానికి తల్లి రిపోర్టు అని పేరు పెట్టుకున్నాడు.

ఆ తల్లి కడుపు చల్లగా, ఈ పదిహేనేళ్లలో దానికి నాలుగు వందల పైచిలుకు పిల్లలు పుట్టాయి. సిమెంటు అని ఉన్న చోటల్లా పాలు అని మార్చమంటే కంప్యూటరు మార్చేస్తుంది. డెయిరీ ప్రాజెక్టు రెడీ. టైర్లు అంటే టైర్లు, బిస్కెట్లు అంటే బిస్కెట్లు. తర్వాత ఒకసారి చదివి, పాలను సంచుల్లో నింపిన చోట ప్యాకెట్లు అని, కొలిమి అని ఉన్నచోట బాయిలరు అని సర్దాలి. నరేశ్ రిపోర్టు చేసిన రోజు కరెంటు మూడుసార్లు పోయింది. మార్చడం అయింది, సర్దడం మిగిలిపోయింది. అంతే జరిగింది.

రాజనర్సయ్య జనగామ దగ్గరి రైతు బిడ్డ. ఇంటర్ రెండుసార్లు తప్పి, కంప్యూటరు నేర్చుకుంటానని అమీర్‌పేట వచ్చి, టైపింగు మాత్రం నేర్చుకుని ఆగిపోయాడు. ఇప్పుడు యాభై ఒకటి. ఎంబీఏ క్లాసు గడప తొక్కకపోయినా, ఒకే రిపోర్టు నాలుగు వందలసార్లు వేళ్ల కింద నలిగేసరికి అందులోని మాటలు నోటికి పట్టేశాయి. అన్నం ఆలస్యమైతే లీడ్ టైమ్ పెరిగిందంటాడు. కూర మిగిలితే ఇన్వెంటరీ అంటాడు. రెండేళ్ల కిందట బావమరిది కూతురి పెళ్లిలో బఫే వరస కదలకపోవడం చూసి, ఆగిపోతున్న చోటు పప్పు దగ్గర ఉందని కనిపెట్టి, ఎవరినీ అడక్కుండా పప్పు గిన్నెను ఎదుటి బల్ల మీదికి మార్పించాడు. కూరలు ఒక వైపు, పప్పు ఒక వైపు కావడంతో రెండు వరసలు తయారై మధ్యలో ఎదురెదురుగా గుద్దుకున్నాయి. పెళ్లికొడుకు మేనత్త పట్టుచీర మీద పడ్డ పప్పు గురించి ఆ కుటుంబంలో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. రాజనర్సయ్య మాత్రం ఆలోచన కరెక్టే, అమలులో లోపం వచ్చిందంటాడు.

ఆ బావమరిది పేరు బుచ్చిరాములు. బోరబండలో నీళ్ల డబ్బాల ప్లాంటు. నిర్వహణ అంటే ఏంటో తెలియని మనిషని రాజనర్సయ్య ఇరవై ఏళ్లుగా అతన్ని ఎగతాళి చేస్తున్నాడు. ఈ ఏడాది మార్చిలో బుచ్చిరాములే ఫోన్ చేసి, బావా, ఎందుకు గా కష్టం, మా ప్లాంటుకు రా, సూపర్‌వైజర్ కుర్చీ వేస్తా, డబ్బాల మీద సీలు సక్కగ ఉన్నదో లేదో చూస్తే చాలు అన్నాడు. అంత ప్రేమగా అన్నాడు కాబట్టే అది రాజనర్సయ్యకు గుచ్చుకుంది.

బుచ్చిరాములు అలా అనేందుకు కారణం ఉంది. పంజాగుట్టలో వంశీధర్ అనే అతను ఏసీ గదిలో కొత్త ఆఫీసు తెరిచాడు. కాకినాడ కుర్రాడు, మంచి షర్టు, ముందు గదిలో సోఫా. కృత్రిమ మేధతో ఏ కంపెనీ మీదైనా రెండు గంటల్లో రిపోర్టు. ఒక్క తప్పు ఉంటే మొత్తం ఉచితం. ఇంగ్లీషు చూస్తే లండన్‌లో పుట్టి పెరిగినట్టు ఉంటుంది. గత ఏడు మే నెలలో రాజనర్సయ్య మెట్ల మీద పిల్లలు కూర్చుని వంతు కోసం చూశారు. ఈ ఏడు మెట్ల మీద పిల్లి పడుకుంది. కాంప్లెక్సు ఓనరు ఇప్పటికే రెండుసార్లు వచ్చి, సెల్‌ఫోన్ కవర్ల దుకాణం పెట్టేవాళ్లు అడుగుతున్నారని గది కొలతలు తీసుకుపోయాడు. జూన్ నెలాఖరుకు బేరం పుంజుకోకపోతే గది ఖాళీ చేసి, జూలై ఒకటిన బోరబండలో సీళ్లు చూడాలి. భార్యాభర్తలు ఈ మాట ఒక్కసారే అనుకున్నారు. మళ్లీ అనుకోలేదు.

ఇలాంటి సమయంలో, వైవా అయిన మర్నాడు, నరేశ్ మెట్లెక్కి వచ్చాడు.

అడుగుల చప్పుడు విని, బైండింగు చేస్తున్న రాజనర్సయ్య భార్య భూలక్ష్మి కాగితాలకు చిల్లులు పొడిచే ఇనప మిషన్‌ను వచ్చేవాడి చేతికి అందకుండా బల్ల కిందికి జరిపింది. ఆమెకు ఇంగ్లీషు రాకపోయినా కస్టమర్ల నడక తెలుసు.

"నర్సన్నా, నువ్వు పేషెంట్లను సంచులల్ల నింపితివి గదనే," అన్నాడు నరేశ్.

"కూసో. సల్లటి నీళ్లు తాగుతవా?" అన్నాడు రాజనర్సయ్య.

నరేశ్ కూర్చుని జరిగింది చెప్పాడు. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్‌గా అరుణాదేవి గారని ఒక పెద్ద మేడమ్ వచ్చింది. నలభై ఒకటో పేజీ పైకి చదివి, కళ్లజోడు తీసి, ఈ సంచులు నువ్వు కళ్లారా చూశావా బాబూ అని అడిగింది. ఆ రిపోర్టు అట్ట తప్ప ఇంకేమీ చూడని నరేశ్, చూసిన మేడమ్, మస్తు నీట్‌గ ఉన్నయ్ అని జవాబిచ్చాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. ఆ పేజీలు దిద్ది సోమవారం పట్టుకురమ్మని చెప్పి పాస్ చేసింది.

"పాస్ జేసిందా?" భూలక్ష్మి అడిగింది.

"గదే చెప్తున్న వదినా. నా ముంగట పన్నెండు మంది పంజాగుట్ట రిపోర్టులు తెచ్చిన్రు. ఒక్క తప్పు లేదు. మొదటి లైనుకు అర్థం చెప్పుమంటె ఒక్కనికి నోరు లేవలే. పన్నెండు మందిని ఆపేసింది. నీ దాంట్ల తప్పులున్నయ్, అంటె మనిషి కూసొని చేసిండు, గీ పోరడే కష్టపడి ఉంటడు అన్నది."

అది మెచ్చుకోలో తిట్టో తేల్చుకోవడానికి రాజనర్సయ్యకు కొంచెం టైము పట్టింది.

"కింద మా దోస్తులు నలుగురు నిలవడ్డరు. వాళ్లకు సుత తప్పులున్నయే గావాల్నట," అన్నాడు నరేశ్.

వాళ్లు పైకొచ్చి ఆర్డర్లిచ్చి వెళ్లాక రాజనర్సయ్య తల్లి రిపోర్టు తెరిచి మూడో చాప్టరు తీశాడు. నాణ్యత అంటే లోపం లేకపోవడం కాదు, కొనేవాడికి కావలసింది కావలసినట్టు ఉండడం అని అందులో ఉంది. ఆ వాక్యాన్ని అతను నాలుగు వందలసార్లు ప్రింటు తీశాడు. ఆగి, అర్థం చూసుకుని చదవడం ఇదే మొదలు.

మర్నాటి నుంచి వీనస్ డీటీపీలో తప్పుల ఉత్పత్తి మొదలైంది. మొదటి వారం ఉత్సాహం ఎక్కువైంది. ఒక బిస్కెట్ల కంపెనీలో నూటికి నూట ముప్పై మంది ఉద్యోగులు సంతృప్తిగా ఉన్నారు. ఒక మేనేజింగ్ డైరెక్టరు తను పుట్టడానికి నాలుగేళ్ల ముందే బాధ్యతలు స్వీకరించాడు. రెండు రిపోర్టులు వెనక్కి వచ్చాయి. రాజనర్సయ్య వాటిని ముందేసుకుని, ప్రాసెస్ కంట్రోల్‌లో లేదని గొణిగాడు.

"కంట్రోల్ లేంది నీకు," అంది భూలక్ష్మి. "కూరల ఉప్పేసినట్టు ఏయాలె. గింతనే అని ఒక కొలత వెట్టు."

కొలత ఆమే పెట్టింది. రిపోర్టుకు ఏడు. రెండు పట్టికల్లో కూడికలు తేడా, ఒక బొమ్మ కింది మాటలు పక్క పేజీకి పోవాలి, ఒక పేరా రెండుసార్లు రావాలి, ఒక పేజీ నంబరు ఎగిరిపోవాలి, ఒక తేదీ తప్పాలి, ఒక చాప్టరు పేరు విషయసూచికలో ఒకటి, లోపల ఒకటి ఉండాలి. గైడుగా ఉన్న లెక్చరరు పేరులో మాత్రం ఒక్క అక్షరం తేడా రాకూడదు. మిగతా ఎనభై మూడు పేజీలు చూడకపోయినా ఆ ఒక్క పేజీ ప్రతి లెక్చరరూ శ్రద్ధగా చూస్తాడు.

ఇంకో చిక్కు వచ్చింది. ఏడు తప్పులూ అందరికీ ఒకే పేజీల్లో వస్తే ఏ ఎగ్జామినరైనా పట్టేస్తాడు. దానికి రాజనర్సయ్య రెండు రోజులు కాగితం మీద గీతలు గీశాడు. భూలక్ష్మి ఒక స్టీలు డబ్బాలో పేజీ నంబర్లు చీటీలు రాసి వేసి, కుదిపి, ఒక్కో రిపోర్టుకు ఏడు తీసింది. ఇదే పని పెద్ద చదువులు చదివినవాళ్లు చేస్తే దానికి పొడుగాటి పేరు ఉంటుంది. రాజనర్సయ్య దీన్ని అందరికీ మన స్ట్రాటజీ అని చెప్పుకున్నాడు. డబ్బా సంగతి చెప్పలేదు. గోడ మీద బోర్డు మాత్రం తనే రాశాడు: 'మనిషి చేసిన ప్రాజెక్టులు. ఏడు తప్పులు. గ్యారంటీ.'

జూన్ రెండో వారానికి పిల్లి మెట్ల మీది చోటు ఖాళీ చేసింది.

మూడో వారంలో వంశీధర్ వచ్చాడు. రెండంతస్తులకే ఆయాసపడి, గోడ మీది బోర్డు వంక చూస్తూ నిలబడ్డాడు.

"నర్సయ్య గారూ, మనం పోటీ పడ్డం దేనికండీ. మా దగ్గర స్పీడుంది, మీ దగ్గర తప్పులున్నాయి. మా రిపోర్టులు పంపిస్తాను, తప్పులు మీరు పెట్టివ్వండి."

"మీ మిషన్‌నే పెట్టుమనరాదు?"

"పెట్టమన్నానండీ. తప్పులు కూడా నీట్‌గా పెడుతోంది. చూస్తే తెలిసిపోతోంది."

భూలక్ష్మి తల వంచుకుని నవ్వు దాచుకుంది. రాజనర్సయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. ఇలాంటి క్షణం కోసం మనిషి చాలా ఏళ్లు ఎదురుచూస్తాడు.

"వంశీ, ఎనిమిదేండ్ల కింద నీ ఎంబీఏ ప్రాజెక్టు ఎవలు చేసిన్రు?"

"మీరేనండి. టైర్లు."

"దాంట్ల ఐదో చాప్టరుల ఏమున్నది?"

వంశీధర్ సీలింగు ఫ్యాను వంక చూశాడు.

"మనకు బువ్వ వెట్టే పనిని బయటోని చేతుల వెట్టొద్దు అని ఉన్నది. నువ్వు చదివి ఉంటె గీ మెట్లు ఎక్కకపోదువు. నేను చదివిన, గందుకె ఇస్తలేను."

చదివింది పోయిన మంగళవారమేనని భూలక్ష్మికి తెలుసు. ఆమె వంశీధర్‌కు టీ తెప్పించింది. అతను టీ తాగి, వెళ్లేటప్పుడు బోర్డుకు ఒక ఫోటో తీసుకుని వెళ్లాడు.

ఓనరు టేపు పట్టుకుని ఇంకోసారి రాలేదు. బుచ్చిరాములు ఫోన్ చేస్తే, సూపర్‌వైజర్ కుర్చీల ఇంకెవలనన్న కూసోవెట్టుకో తమ్మీ అని భూలక్ష్మే చెప్పింది. ఆ కబురు విని రాజనర్సయ్య కొత్త షర్టు వేసుకున్నాడు.

నెలాఖరు శనివారం షాపులో పదిమంది పిల్లలు నిలబడి ఉన్నారు. రెండు రోజుల కిందట రిపోర్టు తీసుకుపోయిన విక్రమ్ అనే కుర్రాడు వాళ్లను తోసుకుంటూ వచ్చి, దాన్ని బల్ల మీద టప్పుమని పెట్టాడు. రిపోర్టు నిండా ఎర్ర పెన్నుతో గుండ్రాలు. చుట్టినది అతను కాదు. అతని అక్క.

"అంకుల్, బోర్డు మీద ఏడని రాసిన్రు. మా అక్క మొత్తం చదివి రెండుసార్లు లెక్కవెట్టింది. ఆరే ఉన్నయ్. ఎల్లుండి నా వైవా. ఇంత క్లీన్‌గ ఉంటె మేడమ్ నన్ను ఆపేస్తది, నా సంవత్సరం పోతది."

వెనకున్న పిల్లలు ఒక్కొక్కరే తమ రిపోర్టులు తెరవసాగారు. భూలక్ష్మి చెయ్యి స్టీలు డబ్బా మీద ఆగింది. గ్యారంటీ అని రాసిన బోర్డు కింద కూర్చున్న మనిషికి ఆ ఒక్క తప్పు ఎంత అవసరమో ఆ గదిలో అందరికీ తెలుసు.

రాజనర్సయ్య రిపోర్టు మొదటి నుంచి చివరిదాకా తిప్పాడు. ఎర్ర గుండ్రాలు ఆరు లెక్కపెట్టాడు. తర్వాత కళ్లజోడు పైనుంచి విక్రమ్‌ను కాసేపు, ప్రేమగానే, చూశాడు.

"ఏడోది వైవాల నువ్వు నోరు దెరువంగనే వస్తది బిడ్డా."