ఆరు స్టాపుల పాఠం

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదో తరగతికి నేను జర్మనీ నియంత పాఠం చెప్పే పద్ధతి నాది కాదు. నిన్న మా హెడ్‌మిస్ట్రెస్ వెనక బెంచీలో కూర్చుని విని, బోర్డు మీద గీసిన బస్సు రూటును చూపించి ఇదెక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగితే, అలవాటు ప్రకారం తల దించుకుని నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక, జెద్దాలో రాసుకున్న నీలం అట్ట డైరీ బయటికి తీశాను. మధ్యలో కొన్ని కాగితాలు లేవు. కుట్టు దగ్గర వాటి చిరుగులు మాత్రం ఇంకా ఉన్నాయి.

గల్ఫ్‌లో పెరిగిన నా ఈడువాళ్లకు ఆ రోజులు బాగా గుర్తుండే ఉంటాయి. సౌదీవాళ్లకు సరిపడా ఉద్యోగాలివ్వని కంపెనీ నితాఖత్ అనే కోటా లెక్కలో ఎరుపు రంగులో పడేది, పడితే అందులో పనిచేసే మనవాళ్లను అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డులు రెన్యూవల్ కాకుండా ఆగిపోయేవి. ఆ తర్వాత భార్యాబిడ్డల మీద తలకింతని లెవీ పన్ను వచ్చింది. ఇంక మా ఇండియన్ స్కూల్లో వారానికో బెంచీ ఖాళీ అవుతూ వచ్చింది. నిన్న పెన్సిల్ అడిగిన అమ్మాయి ఇవాళ ఎగ్జిట్ వీసా మీద ఇండియాకు వెళ్లిపోయిందని తెలిసేది. అలాగే మా హిస్టరీ మిస్ కూడా వెళ్లిపోయారు. వెళ్లేముందు, సిలబస్‌లో మిగిలిన పాఠాలను తలా ఒకటి పంచి, పుస్తకం చూడకుండా చెప్పాలని షరతు పెట్టి, క్లాసులో ఏనాడూ నోరు విప్పని నాకు అన్నిటికన్నా కష్టమైన పాఠమే ఇచ్చారు: ఓట్లతో వచ్చిన ఒక పార్టీ నాయకుడు దేశం మొత్తాన్ని ఎలా గుప్పిట్లో పెట్టుకున్నాడు, యుద్ధానికి ఎలా సిద్ధం చేశాడు అని. నాయన అక్కడే ఉండేటట్టు, అమ్మకూ నాకూ అప్పటికే ఎగ్జిట్ ఖాయమైంది. నా పాఠం పడింది ఆ స్కూల్లో నా ఆఖరి గురువారం నాడు. నోరు పెగలకపోతే, ఆ క్లాసులో నా గొంతు ఎవరూ వినకుండానే నేను ఆ దేశం దాటిపోతాను. భయం ఎంత ఉన్నా, అది మాత్రం నాకు ఇష్టం లేదు.

మా నాయన ఆ స్కూలు బస్సు డ్రైవరు. కడప జిల్లాలో ఏడో తరగతితో చదువు ఆపేసి, ఇరవై ఏళ్లు జెద్దా రోడ్ల మీద గడిపిన మనిషి. పొద్దున మొదట ఎక్కేదీ, మధ్యాహ్నం అందరి తర్వాత దిగేదీ నేనే కాబట్టి, బస్సు ఖాళీగా ఉన్నంతసేపూ ఆయన సీటు వెనకే కూర్చుని పాఠం అప్పజెప్పేదాన్ని. మొదట్లో నాయన ఆ నియంత తరఫున మాట్లాడేవాడు. "రోడ్లేసి, కూలికి పని చూపిచ్చినోడు చెడ్డోడెట్లయితాడు పాపా?" అని అద్దంలో నన్ను చూసి నవ్వేవాడు. పని దొరికిన మాట నిజమే గాని, రానురాను ఆ ఫ్యాక్టరీల్లో తయారైంది తుపాకులూ ట్యాంకులూ యుద్ధ విమానాలూ అనీ, పాత యుద్ధంలో పోయిన భూములు తిరిగి తెచ్చుకోవాలని జనాన్ని ముందే రేపి పెట్టారనీ చెప్పాను. నాయన తర్వాతి సిగ్నల్ దగ్గర బండి ఆపాడు. "అయితే పని జనానికి గాదు, యుద్ధానికి ఇచ్చినాడన్న మాట" అన్నాడు.

నా నోట్సంతా ఆ నీలం డైరీలోనే, తెలుగులోనే ఉంది. డైరీలో పేర్లు రాయడం నాకు అలవాటు లేదు. ఎవరి చేతిలోనైనా పడుతుందేమోనన్న భయంతో చిన్నప్పటి నుంచీ మిస్, పక్కింటామె, ఆయన, వాళ్లు అనే రాసుకునేదాన్ని. ఈ పాఠాన్నీ అలాగే రాశాను. ఆయన పార్టీలన్నీ రద్దు చేశాడు, ఆయనను విమర్శించినవాళ్లను పట్టుకెళ్లారు, దేశం యుద్ధానికి సిద్ధమవుతోంది. జర్మనీ అన్న మాట ఒక్కచోటా లేదు.

గురువారం రెండు రోజులుందనగా, నేను స్కూల్లో ఉన్నప్పుడు, అమ్మ ఇంటికి పంపే కార్గో అట్టపెట్టెలు సర్దుతోంది. పెట్టెలు కస్టమ్స్‌వాళ్లు విప్పి చూస్తారని పక్కింటామె చెప్పి వెళ్లిందట. అమ్మ కూడబలుక్కుని తెలుగు చదువుతుంది. డైరీ తెరిచి ఆ వాక్యాలు చదివిందో లేదో, అది సౌదీ సంగతే అనుకుని, కాగితాలు చింపి బకెట్ నీళ్లలో నానేసి, సిరా పోయేదాకా పిసికేసింది. నేను వచ్చేసరికి బకెట్‌లో నీలం నీళ్లు.

నాకు ఏడుపొచ్చేసింది. అది పాఠమమ్మా, ఎప్పుడో జర్మనీలో జరిగిందమ్మా అని చెబితే, అమ్మ తడి చేతులతోనే తల పట్టుకుని కూలబడింది. "పేరన్నా రాసింటే నేను చింపుతాంటినా మే! మీ నాయన ఈడ్నే ఉండల్ల గదా, ఆయనకేమన్నా అయితే?" అంది. ఆమెను చింపమన్నవాళ్లు ఎవరూ లేరు. ఆ మాట నోటిదాకా వచ్చినా, ఆమె చేతులు చూసి అనలేకపోయాను. మనుషులు ఎవరూ చెప్పకుండానే తమంతట తామే నోరు మూసుకున్నారని పాఠంలో ఉన్న ముక్కను అప్పటిదాకా బట్టీ పట్టాను. ఆ సాయంత్రం అది నాకు అర్థమైంది.

మర్నాడు బస్సులో, ఇంక చెప్పలేనని మిస్‌కు మెసేజ్ పెడతానన్నాను. నాయన గేరు మారుస్తూ, "కాగితాలు పోతే పోయినాయిలే, నాకు గుర్తుండాది" అన్నాడు. వారం రోజులుగా నేను అప్పజెప్పినదంతా ఆయన తన రూటు మీద స్టాపుకొకటిగా పెట్టుకున్నాడు. "బేకరీ కాడ పార్లమెంటు తగలబడె, దాన్ని సాకు జేసుకోని జనాల హక్కులు పీకేసిరి. ఫార్మసీ కాడ పార్టీలు, యూనియన్లు బందు. లాండ్రీ కాడ పక్కింటోని మీద పక్కింటోడే చాడీలు. దవ్వార్ సర్కిలు తిరిగినామంటే రేడియోలో ఆయప్ప గొంతే, పిలకాయలకు యూనిఫారాలు, యూదులే శత్రువులని బడిలో పాఠాలు. పెట్రోల్ బంకు కాడ ట్యాంకులు. బడి గేటు కాడికొచ్చేసరికి యుద్ధం. సరిపాయెనా?" ఒక్క ముక్క తప్పు పోలేదు.

గురువారం సగం బెంచీలే నిండాయి. వెనక కోఆర్డినేటర్ కూర్చున్నారు. మొదటి నిమిషం నా గొంతు నాకే వినపడలేదు. అప్పుడు చాక్‌పీస్ తీసుకుని బోర్డు మీద పొడుగ్గా ఒక గీత గీసి, ఆరు చుక్కలు పెట్టి, ఇది మా నాయన బస్సు రూటు అన్నాను. అందరూ నవ్వారు. రోజూ దిగే స్టాపులే గదా! ఆ తర్వాత బెల్లు మోగేదాకా నేను ఆగలేదు. ఒక్కో మలుపులో జనం దగ్గర్నుంచి ఎంత కొంచెం తీసుకున్నారో, ఆ కొంచెం కోసం ఎవరూ గొడవపడకపోవడం వల్ల తర్వాతది ఎంత తేలికైందో చెప్పాను. సిగ్గు ఇవాళ్టికీ పోలేదు గాని, పాఠం చెప్పేటప్పుడు గొంతు వణకడం మాత్రం ఆరోజుతో పోయింది.

ఇప్పుడు జెద్దాలో మేమున్న బిల్డింగులో మనవాళ్లు ఎవరూ లేరట. ఆ రూటులో బస్సు తిరుగుతుందో లేదో తెలియదు. బేకరీ స్టాపులో ఎక్కే పిల్ల ఏ ఊళ్లో ఉందో తెలియదు. నేనిప్పుడు డైరీలో పేర్లు రాస్తున్నాను, అందరివీ. నాయన తిరిగొచ్చి ఆటో నడుపుకుంటున్నాడు. పాఠం సంగతి మళ్లీ మా మధ్య రాలేదు.

ఇండియాకు వచ్చేసిన రోజు ఎయిర్‌పోర్టులో అమ్మా నేనూ లోపలికి వెళ్లే ముందు, నాయన ట్రాలీ మీద చెయ్యి వేసి ఆపాడు. జాగ్రత్తలు చెబుతాడనుకున్నాను. జెద్దాలో ఆయన నాతో అన్న చివరి మాట, ఆ జర్మనీ వాళ్ల గురించి:

"బేకరీ కాడ్నే బండి ఆపమని ఒక్కరన్నా గట్టిగా అడగలేదా పాపా?"